తిత్తి పగలకుండా

కర్నూలుకు పడమట, పత్తికొండ దాటి ఆలూరు వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి. చెట్టు తక్కువ, గాలి ఎక్కువ. ఆ దారిలో ఒక ఊరి రచ్చకట్ట మీద మీరు రాత్రంతా పడుకున్నారు. పడుకోవడమేగానీ నిద్ర లేదు. తెల్లవారితే దేవర, ఊరి అమ్మవారి జాతర. అమ్మవారి గుడి దగ్గర తప్పెట్లు ఆగడం లేదు. ట్రాక్టర్లలో, ఆటోల్లో చుట్టాలు దిగుతూనే ఉన్నారు. ప్రతి వాకిట్లో ఒక పొట్టేలు కట్టేసి ఉంది.

వెలుగు రాగానే పని మొదలైంది. గుడి ముందు తల తెగుతుంది, మొండెం ఇంటికొస్తుంది. మీరు నిలబడ్డ వాకిట్లో వేపకొమ్మకు పొట్టేలును తలకిందులుగా వేలాడదీసి ఒక పెద్దాయన తోలు ఒలుస్తున్నాడు. చెయ్యి తిరిగిన మనిషి. కత్తి వాడేది తక్కువ. తోలుకూ కండకూ మధ్య పిడికిలి దూర్చి తోస్తే చాలు, తోలు దానంతటదే ఊడి వస్తోంది. పొట్ట చీరాడు. పేగులు గంపలోకి జారాయి. కార్జం చేతిలోకి తీసుకుని తిప్పి చూసి ఆగాడు.

ముదురెరుపు కార్జం మీద ఒకచోట తెల్లటి ఉబ్బు. బొటనవేలితో నొక్కితే లోపల నీళ్లు కదిలాయి.

"నీళ్లబుగ్గ," అన్నాడు తనలో తాను. అంతవరకు కోసి, వెనక్కి చూడకుండా విసిరేశాడు. మిగతా కార్జం పళ్లెంలో పడింది.

గోడవార పొద్దుటి నుంచి ఓపిగ్గా కాచుకుని ఉన్న కుక్కలు ఒక్కసారిగా లేచాయి. వాటిలో మంద వెంట తిరిగే ఎర్రకుక్క చురుకైనది. ముక్క నేలను తాకకముందే అందుకుంది.

ముందుముందు ఈ కథలో సీటీ స్కాన్ వస్తుంది, మెదడు సర్జన్ వస్తాడు, ఒక పసివాడి పుర్రె తెరుచుకుంటుంది. అవన్నీ చూసేందుకు గొప్పగా ఉంటాయి. కానీ అసలు జరగవలసింది ఈ వాకిట్లోనే జరిగిపోయింది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. చెడిన ముక్క మనిషి తినకూడదని తీసేశారు, తీసేసింది కుక్కకు పడేశారు. విచిత్రం ఏమిటంటే, ఆ ముక్కను మనిషే వండుకుని తిని ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఈ జబ్బు మాంసం వల్ల రాదు. పుట్టిన దగ్గర్నుంచి మాంసం ముట్టనివాళ్లకూ వస్తుంది.

ఆ బుగ్గలో ఉన్నది ఉత్త నీళ్లు కాదు. అడుగున సన్నటి రేణువులు పేరుకుని ఉంటాయి. డాక్టర్లు దాన్ని హైడాటిడ్ ఇసుక అంటారు. అందులో ఒక్కో రేణువు ఒక్కో పురుగు తల. కుక్క పేగులోకి చేరగానే ఆ తల లోపలి నుంచి వెలుపలికి తిరగబడి, నాలుగు చూషకాలతో, రెండు వరసల కొక్కేలతో పేగు గోడను కరుచుకుంటుంది. ఆరేడు వారాలకు బద్దెపురుగు అవుతుంది. పేరు ఎకినోకాకస్ గ్రాన్యులోసస్. పేరే పొడుగు, పురుగు నూకగింజంత: 3 నుంచి 6 మిల్లీమీటర్లు. ఒంటికి మూడు నాలుగు కణుపులు, చివరి కణుపు నిండా గుడ్లు. కుక్క కడుపులో ఇవి వేలల్లో ఉన్నా కుక్కకు ఏ ఇబ్బందీ ఉండదు. గొర్రె కార్జంలోని బుగ్గ, కుక్క పేగులోని పురుగు ఒకే ప్రాణికి రెండు అవతారాలని 1853లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ సీబోల్డ్ తేల్చాడు. ఆయన చేసిన ప్రయోగం మన పెద్దాయన ఇప్పుడు చేసినదే. గొర్రెల్లోని ఈ బుగ్గలను, అంటే తిత్తులను, కుక్కలకు తినిపించి, తర్వాత వాటి పేగులు వెతికాడు.

దేవర అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. రెండు నెలలు గడిచాయి. కోతలైన చేలో ఎరువు కోసం మంద తోలారు. రాత్రి. మీరు మంద పక్కన గొంగడి మీద కూర్చున్నారు. ఆకాశం నిండా చుక్కలు, గొర్రెల వెచ్చటి వాసన. కాపరి నిప్పు రాజేసి జొన్నరొట్టె తుంచుతున్నాడు. ఐదేళ్ల కొడుకు ఈ రాత్రి అమ్మ దగ్గర ఉండనని ఏడ్చి నాయన వెంట వచ్చాడు. ఎర్రకుక్క వాడి ఒళ్లో తల పెట్టింది. వాడు దాని మెడలోకి వేళ్లు దూర్చి గోకుతున్నాడు. కుక్క తన వెనక భాగం నాక్కుంది, తర్వాత ఒళ్లు నాక్కుంది, తర్వాత వాడి చెయ్యి నాకింది.

దాని బొచ్చులో ఉన్న గుడ్డు మీ కంటికి కనబడదు. మిల్లీమీటరులో సుమారు ముప్పయ్యో వంతు ఉంటుంది. తడిగా, చల్లగా ఉన్న చోట నెలల తరబడి బతుకుతుంది. బొచ్చుకూ, గడ్డికీ, ఆకుకూరకూ, కుంట నీళ్లకూ అంటుకుని ఉంటుంది. గొర్రె మేసినా సరే, మనిషి మింగినా సరే.

"ఇంద, తిను," అంటూ నాయన రొట్టెముక్క అందించాడు. వాడు అదే చేత్తో అందుకున్నాడు.

ఇప్పుడు మీరూ ఆ గుడ్డంత కావాలి. దాని వెంట వెళ్లాలి.

కడుపు దాటి చిన్నపేగులోకి వచ్చేసరికి జీర్ణరసాలకు గుడ్డు పెంకు కరిగింది. లోపలి నుంచి ఆరు కొక్కేల పిండం బయటపడింది. కొక్కేలతో పేగు గోడను గీరుకుంటూ, దారి చేసుకుంటూ ఒక సన్నటి రక్తనాళంలో పడింది. ఇక్కణ్నుంచి దాని ప్రమేయం ఏమీ లేదు. రక్తం ఎటు పోతే అటే. పేగుల్లోని రక్తమంతా ముందుగా చేరేది కాలేయానికే. అక్కడి నాళాలు జల్లెడ కళ్లంత సన్నం. పిండాలు చాలావరకు అక్కడే చిక్కుకుంటాయి. అందుకే ఈ తిత్తుల్లో నూటికి సుమారు డెబ్బై కాలేయంలోనే కనిపిస్తాయి. కాలేయం దాటినవి గుండె కుడివైపుకు వచ్చి, అక్కణ్నుంచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. అది రెండో జల్లెడ. ఇరవై దాకా అక్కడ ఆగుతాయి.

మనది రెండూ దాటింది. ఎందుకు దాటింది? వంద దోమల్లో ఒకటి దోమతెరలోకి ఎందుకు దూరిందని అడిగితే ఏం చెబుతాం? గుండె ఎడమవైపు గదిలోంచి ఒక్క తాపుతో మహాధమనిలోకి వచ్చింది. ఇప్పుడు దాని ముందు ఒళ్లంతా తెరుచుకుని ఉంది. కిందికి తిరిగితే మూత్రపిండం, ప్లీహం, వెన్నెముక. గుండె కండకే వెళ్లే నాళంలోకి మళ్లితే గుండె గోడ. మెడలో పక్కకు చీలితే థైరాయిడ్. అది పైకి వెళ్లింది. ఎడమవైపు కెరోటిడ్ ధమనిలోంచి పుర్రెలోకి, అక్కడ నేరుగా సాగిన పెద్ద కొమ్మలోకి, చివరికి చెవికి పైనున్న మెదడు భాగంలో ఒక చివరి కొమ్మలో ఇరుక్కుంది.

పరాన్నజీవి మెదడులోకి పోయిందంటే వినేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది. అదేదో కసిగా మెదడును వెతుక్కుని వెళ్లినట్టు సినిమాల్లో చూపిస్తారు. దానికి మెదడుతో పనేమీ లేదు. అది ఎదురుచూసేది తనను మోసే జంతువు చావడానికి, దాని పేగులూ కార్జం కుక్కకు పడడానికి. మనిషి దానికి మూసుకుపోయిన దారి. మనిషి మెదడైతే మరీను.

అయినా అది తన పని తాను చేసింది. ఆగినచోట గుండ్రటి బుగ్గయింది. లోపలి పొర పలుచన, బతికి ఉన్నది అదొక్కటే. అది తన చుట్టూ పొరమీద పొరగా పాలతెలుపు కవచం అల్లుకుంటుంది. కాలేయంలో అయితే శరీరం ఆ కవచం బయట మరో గట్టి గోడ కడుతుంది, తిత్తి ఎదుగుదలకు కొంత పగ్గం పడుతుంది. మెదడు మెత్తన. అక్కడ ఆ గోడ ఉన్నా లేనట్టే, ఎదగడానికి అడ్డు లేదు. ఇది పిల్లవాడికి కీడు. కానీ ఆ మెత్తదనమే తర్వాత ఒక గంటసేపు వాడి పాలిట వరమవుతుంది.

నాలుగేళ్లు. మొదటి మూడేళ్లలో మీరు ఏమీ చూడలేరు. వాడు బడికి పోయాడు, ఈత నేర్చుకున్నాడు, కబడ్డీలో పళ్లు విరగ్గొట్టుకున్నాడు. పసివాళ్ల పుర్రె కొంత సర్దుకుంటుంది, మెదడు పక్కకు జరిగి చోటిస్తుంది. నాలుగో ఏడు చలికాలంలో పొద్దున లేవగానే తలనొప్పి. కక్కుకుంటే తగ్గేది. పైత్యమన్నారు. మంత్రం వేయించారు, దిష్టి తీశారు. తర్వాత కుడిచేతిలోంచి పెన్ను జారిపోవడం మొదలైంది. రాతకు బద్ధకమని అయ్యవారు రెండు తగిలించారు. ఒకనాడు బోర్డు మీద అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయన్నాడు. అదే వాణ్ణి కాపాడింది. కళ్లజోడు కావాలేమోనని ఆదోనిలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆవిడ చీకటిగదిలో కంటిలోకి దీపం వేసి చూసి, కంటి నరం ఉబ్బి ఉందని గుర్తుపట్టి, అద్దాల చీటీ రాయకుండా సీటీ స్కాన్‌కు రాసింది.

కర్నూలు. స్కాన్ గదిలో తెర ముందు మీరు నిలబడ్డారు. మెదడు ముక్కలు ముక్కలుగా తెర మీద జరిగిపోతోంది. ఎడమవైపు నల్లటి గుండ్రం. వృత్తలేఖినితో గీసినట్టు అంచులు. చుట్టూ వాపు లేదు, లోపల గడ్డ లేదు, రంగుమందు ఎక్కించినా అంచు మెరవలేదు. లోపలి ద్రవం మెదడు చుట్టూ ఉండే నీటి ఛాయలోనే ఉంది. అడ్డకొలత 9 సెంటీమీటర్లు. మెదడు నడిమి గీత మొత్తం కుడికి ఒరిగిపోయింది.

"క్యాన్సర్ గడ్డ ఇంత బుద్ధిగా ఉండదు," అన్నాడు రేడియాలజిస్టు. "చీము గడ్డ అయితే చుట్టూ ఇంత ప్రశాంతంగా ఉండదు." తర్వాత వాళ్ల నాయన వైపు తిరిగి ఒక్కటే ప్రశ్న వేశాడు: "ఏమప్పా, గొర్లున్నాయా మీకు?"

నాయన బిత్తరపోయాడు. కొడుకు తలలో రోగానికీ గొర్రెలకూ ఏం సంబంధం?

ఆ ప్రశ్న ఈ ఊళ్లో డాక్టర్లకు అలవాటే. కర్నూలు ప్రాంతంలో హైడాటిడ్ జబ్బు వ్యాప్తి మీద 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వ్యాసం వచ్చింది. గొర్రెలు, మేకలు, వాటి వెంట కుక్కలు, వాన తక్కువ నేల: రాయలసీమలో ఈ పురుగుకు కావలసినవన్నీ ఉన్నాయి. అయితే ఇక్కడ కూడా కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో కనిపించడమే మామూలు. మెదడులో కనిపించేది నూటికి ఒకటి రెండే. అలా కనిపించినవాళ్లలో సగానికి పైగా పిల్లలే. మన దేశంలో మెదడులో పురుగు అనగానే జనం చెప్పుకునేది చాలావరకు వేరే జబ్బు. అది పంది బద్దెపురుగు వల్ల వచ్చేది. బఠాణీ గింజంత తిత్తులు, మూర్ఛలు, దానికి వైద్యమూ వేరు. ఈ తిత్తి అలాంటిది కాదు. దీన్ని తియ్యాలి. తీసేటప్పుడు పగలకూడదు.

పగిలితే ఏమవుతుంది? లోపలి ద్రవం రక్తంలో కలిస్తే ఒళ్లు ఒక్కసారిగా తిరగబడుతుంది. బీపీ పడిపోతుంది, ఊపిరి బిగుసుకుంటుంది, బల్ల మీదే ప్రాణం పోవచ్చు. అది తప్పినా, ఇసుక చిందిన చోటల్లా ఒక్కో రేణువూ మళ్లీ ఒక్కో తిత్తి కావచ్చు. ఒకటి తియ్యబోయి పది నాటినట్టు.

ఆపరేషన్ థియేటర్. ఉదయం. మీకు ఆకుపచ్చ గౌను, టోపీ, మాస్కు. మత్తు డాక్టరు తల వైపు కాకుండా కాళ్ల వైపు కూర్చుంది, తల సర్జన్‌కు వదిలేసి. ఆవిడ పక్కన పళ్లెంలో సిరంజీలు వరసగా ఉన్నాయి. అడ్రినలిన్, హైడ్రోకార్టిసోన్ ఎక్కించి, పేర్లు రాసి పెట్టుకుంది. వాడాల్సి వస్తే వెతుక్కునే వ్యవధి ఉండదు.

పిల్లవాడి గుండు మీద సిరాతో గీత గీశారు. సర్జన్ మామూలు కంటే పెద్ద కిటికీ తెరుస్తున్నాడు, తిత్తి కంటే వెడల్పుగా. చిన్న కన్నంలోంచి పెద్ద బుగ్గను లాగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. చర్మం మడిచారు. ఎముకలో డ్రిల్లు రొద. రంపం. ఎముక పలక కదిలింది. దాని కింద మెదడు పై తొడుగు డప్పు తోలులా బిగుసుకుని ఉంది. ఇక్కణ్నుంచి గదిలో గొంతులు తగ్గాయి.

తొడుగు కొయ్యడం ఈ ఆపరేషన్‌లో మొదటి గండం. కింద తిత్తి ఎంత దగ్గరగా ఉందో తెలియదు. కత్తి మొన అర మిల్లీమీటరు ఎక్కువ దిగితే కథ ముగిసినట్టే. సర్జన్ తొడుగును సన్నటి కొక్కెంతో పైకెత్తి, ఎత్తిన చోటే గాటు పెట్టి, కిందికి తడి దూది జొనిపి, దూది మీదుగా కోసుకుంటూ పోతున్నాడు. మెదడు బయటపడింది. మడతలు చదునైపోయాయి. మధ్యలో ఒకచోట మెదడు పొర కాగితమంత పలచబడి, దాని కిందినుంచి నీలిఛాయ కలిసిన తెలుపు కనిపిస్తోంది.

"అదీ," అన్నాడు సర్జన్.

"కాటరీ తీసెయ్యనా సార్?" సిస్టర్ అడిగింది.

"తీసెయ్. పొరపాటున నా చెయ్యి పోతుంది దాని మీదికి."

కరెంటు వేడికి తిత్తి గోడ చిల్లు పడుతుంది. ఇక రక్తం కారితే దూదితో అదిమి ఓపిక పట్టడమే.

పలచబడిన చోట మెదడు పొరను కొద్దికొద్దిగా పక్కకు వదులు చేశాడు. తిత్తి తెల్లగా మెరుస్తూ గుండ్రటి భుజం చూపించింది. చూసినవాళ్లకు చేత్తో పట్టుకుని తీసెయ్యాలనిపిస్తుంది. ఎవరూ ముట్టుకోలేదు. చుట్టూ ఉన్న మెదడును తడి దూదులతో కప్పారు, ఒకవేళ చిందినా లోపలికి పోకుండా. సర్జన్ మెత్తటి రబ్బరు గొట్టం తీసుకుని, తిత్తికీ మెదడుకీ మధ్య ఉన్న సందులోకి, రెండింటినీ ఒరుసుకోకుండా జారవిడిచాడు. గొట్టం రెండో చివర సిరంజీ. అందులో గోరువెచ్చటి ఉప్పునీళ్లు.

"వదులు. మెల్లగా. ఇంకా మెల్లగా."

నీళ్లు సందులోకి పోతున్నాయి. పైకి ఏమీ జరగడం లేదు. మరో సిరంజీ. గొట్టాన్ని కాస్త పక్కకు మార్చి ఇంకొకటి. మీరు బాగా చూస్తే తిత్తి భుజం వెంట్రుకవాసి పైకి లేచింది. మెదడు దాన్ని పట్టుకుని లేదు. ఇందాక చెప్పిన మెత్తదనం ఇప్పుడు పనికొచ్చింది. అతుక్కునే గోడ లేదు కాబట్టి నీటి పొర దూరినంత మేరా తిత్తి విడివడుతోంది.

"టేబుల్ తల వైపు దించండి."

మోటారు మూలిగింది. బల్ల ఒరిగింది. ఇప్పుడు కిటికీ నేల వైపు తిరిగింది. తిత్తి తన బరువుకు తానే జారాలి. అసిస్టెంటు ఉప్పునీళ్ల గిన్నెను కిటికీ కింద రెండు చేతులతో పట్టుకున్నాడు. మత్తు డాక్టరు ఊపిరి సంచీని కాస్త నొక్కి పట్టింది. ఛాతీలో ఒత్తిడి పెరిగి, మెదడు లోపలినుంచి నెమ్మదిగా తోసింది. మరో సిరంజీ నీళ్లు.

ఈ కిటుకు మనది కాదు. గొర్రెలు లక్షల్లో మేసే దక్షిణ అమెరికా గడ్డిమైదానాల్లో పుట్టింది. అర్జెంటీనాలో 1929లో డౌలింగ్ అనే సర్జన్ దీనికి దారి వేశాడు. పక్కనే ఉన్న ఉరుగ్వేలో అరానా-ఇనిగెస్, సాన్ హులియన్ దాన్ని సవరించి 1955లో ప్రపంచానికి తెలిసేలా రాశారు. గొర్రెలెక్కడుంటే ఈ విద్య అక్కడ అవసరం. ఆ గడ్డిమైదానాల్లో పుట్టిన విద్య కర్నూలు బల్ల మీదికి రావడంలో వింతేమీ లేదు.

తిత్తి సగం బయటికి వచ్చింది. సర్జన్లు ఈ ఘట్టాన్ని ప్రసవమనే పిలుస్తారు. ఆ మాట ఎందుకొచ్చిందో ఇక్కడ నిలబడితే తెలుస్తుంది. లాగడం లేదు, పట్టుకోవడం లేదు, అందరూ చేతులు దగ్గరగా పెట్టుకుని ఊరికే ఉన్నారు. అత్యంత వెడల్పైన భాగం కిటికీ అంచు దాటేటప్పుడు తిత్తి కొద్దిగా చప్పిడిపడి, గోడ మీద వెలుగు వణికింది. అక్కడే చాలావరకు పగులుతుంది. మిషను బీప్‌లు తప్ప మరో చప్పుడు లేదు.

జారింది. ఒక్కసారిగా మొత్తం. గిన్నెలో నీళ్లు పొర్లి అసిస్టెంటు చెప్పుల మీద పడ్డాయి.

"ఇంటాక్ట్," అన్నాడతను. తర్వాత ఎందుకో తెలుగులో మళ్లీ చెప్పాడు, "పగల్లేదు సార్."

సర్జన్ గిన్నె వైపు చూడలేదు. ఆయన చూపు కుహరం మీద ఉంది. 9 సెంటీమీటర్ల ఖాళీ. ఇంతకాలం నొక్కుకుపోయిన మెదడు ఒక్కసారిగా కుంగితే పైనున్న సిరలు తెగి రక్తం గడ్డకడుతుంది. అందుకే ఖాళీని ఉప్పునీళ్లతో నింపి, నీళ్లు ఉండగానే తొడుగు కుట్టాడు. బల్ల మళ్లీ సమానమైంది. మత్తు డాక్టరు అడ్రినలిన్ సిరంజీని పళ్లెంలోంచి తీసి పక్కన పెట్టింది, వాడనిదే.

మీకు గిన్నె చూడాలని ఉంది కదా. వెళ్లండి, ఇప్పుడు ఎవరూ వద్దనరు. చేతికి పట్టనంత పెద్దది, తేలుతోంది. దీపానికి అడ్డంగా పట్టుకుంటే అవతలి మనిషి ముఖం మసకగా కనిపిస్తుంది. గిన్నె ఒరిగించినప్పుడు అడుగున తెల్లటి నలక లేచి మళ్లీ మెల్లగా దిగింది. పాథాలజీలో ఆ నలక ఒక చుక్క అద్దం మీద వేసి చూస్తే కొక్కేల వరసలు కిరీటాల్లా కనిపిస్తాయి. నాలుగేళ్లుగా ఆ తలలన్నీ ఒక కుక్క కోసం ఎదురుచూస్తూ ఉన్నాయి.

మధ్యాహ్నం డాక్టర్ల గదిలో టీ. మెదడు తిత్తి వచ్చిందని తెలిసి వేరే విభాగాలవాళ్లు కూడా చూడ్డానికి వచ్చారు. మాటలు సహజంగానే ఎవరికి ఎక్కడ కనబడిందన్న దాని మీదికి వెళ్లాయి. ఎముకల డాక్టరు ఎక్స్‌రే పెట్టె మీద ఒక పాత ఫిల్ము పెట్టాడు. తొడ ఎముక పైభాగమంతా పురుగు తొలిచిన కర్రలా ఉంది.

"మీరు అదృష్టవంతులండీ, మీకు గుండ్రంగా వస్తుంది," అన్నాడు మెదడు సర్జన్‌తో. "ఎముకలో అది గుండ్రంగా ఉండదు. చుట్టూ గోడ కట్టదు. ఎటు మెత్తగా ఉంటే అటు వేళ్లు చాపుకుంటూ పోతుంది. ఎంతవరకు ఉందో చెప్పలేం, ఎంత కోసినా మిగిలిపోతుంది." ఎముకల్లో వచ్చేవాటిలో సగం దాకా వెన్నెముకలోనే. అక్కడ వెన్నుపామును నొక్కితే కాళ్లు పడిపోతాయి. మళ్లీ మళ్లీ వస్తుంది. ఇన్ని అవయవాల్లో నిజంగా భయపడాల్సింది మెదడుకు కాదు, ఎముకకే అని నాకనిపిస్తుంది. మెదడులో అది ఒక వస్తువు, బయటికి తియ్యొచ్చు. ఎముకలో అది ఎముకే అయిపోతుంది.

గుండెలో రావడం నూటికి రెండు కూడా ఉండదు. వస్తే ఎక్కువగా ఎడమ గది గోడలో. నిమిషానికి డెబ్బైసార్లు బిగుసుకునే కండలో కూర్చుని ఎదుగుతుంది. గది లోపలికి పగిలిందంటే ముక్కలు నేరుగా రక్తంలో పడి మెదడుకో కాలికో చేరతాయి. అందుకే ముందు గుండె పనిని మిషనుకు అప్పగించి, గుండెను ఆపి, అప్పుడే తిత్తిని ముట్టుకుంటారు. థైరాయిడ్‌లో వస్తే చూసినవాళ్లంతా గాయిటర్ అనుకుంటారు. రొమ్ములో వస్తే క్యాన్సరేమోనని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. ఈ రెండు చోట్లా ప్రమాదం ఒకటే. గడ్డ అనగానే సూది గుచ్చి చూడడం మనకు అలవాటు. సూదిలోకి తేటనీళ్లు వచ్చాక గానీ సంగతి తెలియదు, అప్పటికే తిత్తికి చిల్లు పడింది. కాలేయంలో తిత్తులకైతే సూదితోనే వైద్యం ఉంది: ముందు మందు వాడి, సూదితో ద్రవం లాగి, పురుగును చంపే ద్రావణం నింపి, మళ్లీ లాగేస్తారు. అది తెలిసి చేసే పని. తెలియక గుచ్చడం వేరు.

ఈ టీ గది కబుర్లలో ఒక సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, ఎత్తే అవసరం అక్కడ లేదు కాబట్టి. ఎముకైనా గుండైనా మెడైనా, అన్నీ ఒకేచోట మొదలయ్యాయి, కుక్కకు విసిరిన ముక్క దగ్గర. అక్కడే ఆపినవాళ్లూ ఉన్నారు. 19వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో ఈ తిత్తులు ఇంటింటి జబ్బు. 1863లో డెన్మార్క్ నుంచి హరాల్డ్ క్రాబె అనే శాస్త్రవేత్త అక్కడికి వెళ్లి కుక్కల పేగులు పరీక్షించాడు. తర్వాత ఒక చిన్న పుస్తకం రాశాడు, దాన్ని ఊరూరా ఉచితంగా పంచారు. అందులో ఉన్నది ఆపరేషన్ కిటుకు కాదు. గొర్రెను కోసినప్పుడు బుగ్గలున్న భాగాలు కుక్కకు వెయ్యొద్దు, కాల్చండి లేదా పూడ్చండి అని. చలి రాత్రుళ్లు ఇళ్లల్లో పుస్తకం చదువుకునే అలవాటున్న దేశం. చదివారు, చేశారు. ఆ తర్వాత పుట్టిన తరంలో ఈ జబ్బు దాదాపు లేకుండా పోయింది. గొర్రెలకు పేరుపడ్డ న్యూజీలాండ్ కుక్కలకు మందు మింగించీ, చట్టాలు పెట్టీ 2002లో ఈ పురుగు నుంచి తాత్కాలికంగా విముక్తమైనట్టు ప్రకటించుకుంది. సర్జన్లు లేక కాదు, సర్జన్లతో పని లేకుండా చేసుకున్నారు.

పదో రోజు. వార్డులో పిల్లవాడు మంచం మీద కూర్చుని కుడిచేత్తో బంతి పట్టుకోవడం ప్రాక్టీసు చేస్తున్నాడు. పట్టు ఇంకా పూర్తిగా రాలేదు గానీ వేళ్లు మూసుకుంటున్నాయి. డిశ్చార్జి చీటీ రాసేది చిన్న డాక్టరు, పీజీ కుర్రాడు. వాళ్లమ్మకు మందు చెబుతున్నాడు.

"ఆల్బెండజోల్. పొద్దునొకటి, రేతిరొకటి. ఉత్త కడుపు మీద ఇయ్యద్దమ్మా. నూనో నెయ్యో ఉన్న తిండి పెట్టి ఇస్తేనే ఒంటికి పడతాది. నెలకోసారి రక్తపరీక్షకు రావాల."

"అన్నంలో నెయ్యేసి పెడతాలే సార్."

"కుక్క ఉందా ఇంట్లో?"

నాయన ముందుకొచ్చాడు. "ఎర్రది సచ్చిపాయ సార్ పోయినేడు. దాని పిల్ల ఉండాది మంద కాడ. అది లేకుంటే తోడేళ్లు నిలవనీవు."

"ఉండనీ. తీసెయ్యమనడం లా. పశువులాసుపత్రికి పోయి ప్రాజిక్వాంటెల్ అడుగు. ఆరు వారాలకోసారి మింగించాల. మందు పడిన తర్వాత రెండు మూడు దినాలు కట్టేసి పెట్టు, అది దొడ్డికి పోయిందంతా గుంతలో పూడ్చు. గొర్రె కోసినప్పుడు బుగ్గలుండే కార్జం దానికి వెయ్యద్దు."

"వెయ్యం సార్." నాయన తల ఊపాడు, చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. "సార్, మా కుక్క ఒక్కటి మింగితే సాలునా? దేవరనాడు ఊరి కుక్కలన్నీ తింటాయి గదా."

పీజీ పెన్ను మూత పెట్టాడు. "చాలదప్పా. అన్నిటికీ మింగించాల." కాసేపాగి, "ఎన్ని కుక్కలుండాయి మీ ఊళ్లో?" అని అడిగాడు.

"ఎవురు లెక్కబెట్టినారు సార్?"